పలచని సిరా

డిసెంబరు మొదటి ఆదివారం భార్య సుమియే తన చెల్లెలింటికి బయల్దేరగానే, తొకుజీ భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచి ఉలి తీశాడు. మత్సుమోతో పట్టణంలోని ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా కొత్త సంవత్సరం కార్డులు ఇలాగే తయారయ్యేవి. సుమియే బొమ్మ గీసేది, అతడు దాన్ని చెక్క మీద చెక్కేవాడు, కూతురు ముక్కు నిండా మరకలు చేసుకుంటూ అచ్చులు వేసేది. సిరా వాసన రాకపోతే అతడికి డిసెంబరు వచ్చినట్టే ఉండదు.

ఈ ఏడాది సుమియే కుంచె కింద పెట్టేసింది. అందరూ ఫోన్లలోనే శుభాకాంక్షలు పంపుకుంటుంటే మన కార్డు ఎవరు చూస్తారు, నేరుగా చెత్తబుట్టలో వేస్తారు అంది. నచ్చజెప్పడం తొకుజీకి పుట్టుకతోనే చేతకాదు. అందుకే ఆమె పాత బొమ్మల పుస్తకంలోంచి, వెనక్కి తిరిగి చూస్తున్న కుందేలును దొంగిలించాడు. ఏడాదికో జంతువు చొప్పున లెక్కపెట్టే ఆనవాయితీలో రాబోయేది కుందేలు సంవత్సరమే.

కుందేలు కింద రెండు వాక్యాలు చెక్కాడు: "ఇది సుమియే ఆఖరి బొమ్మ. ఇన్నేళ్ళూ ఆమెపై మీరు చూపిన అభిమానానికి కృతజ్ఞతలు." అరవై కార్డులకు సిరా చాలక నీళ్ళు కలిపాడు. ఆమె వచ్చేలోగా పోస్టు డబ్బాలో వేసేయాలన్న హడావుడిలో, చిరునామా పక్కన 'కొత్త సంవత్సరం' అని ఎర్రక్షరాలతో రాయడం మరిచాడు. ఆ ముక్క ఉంటే పోస్టాఫీసువాళ్ళు జనవరి ఒకటి దాకా ఆపుతారు. లేకపోతే వెంటనే పంచేస్తారు.

డిసెంబరు మొదట్లో పలచని సిరాతో కార్డు వచ్చిందంటే ఆ ఇంట ఎవరో పోయారన్నమాట. కన్నీళ్ళు పడి సిరా పలచబడిందని పెద్దల లెక్క.

మంగళవారం మొదటి ఫోను సుమియే చిన్ననాటి స్నేహితురాలు హరుయోది. సుమియే స్నానం చేస్తోంది.

"ఎప్పుడండీ?" అంది హరుయో.

"అక్టోబరులోనే," అన్నాడు తొకుజీ.

"బాధపడిందా?"

"అబ్బే. టీ తాగుతూ తాగుతూ, ఇక చాలండీ అంది. అంతే."

హరుయో వెక్కివెక్కి ఏడ్చింది. కార్డులు ఆపేసినందుకే ఇంతగా ఏడ్చే మనిషి ఉన్నందుకు తొకుజీ పొంగిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి, పోయినవాళ్ళ కోసం వెలిగించే అగరొత్తుల పెట్టెలు నాలుగు వచ్చాయి. ఏడాది చివర ఇచ్చుకునే కానుకలే కాబోలనుకుని, హామ్ మాంసం గానీ నూనె డబ్బాలు గానీ పంపక ఇవేమిటని సుమియే విసుక్కుంటూనే అలమరాలో సర్దింది. సాయంత్రం తొకుజీతో పనిచేసిన నిషిగోరి నల్ల టై కట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది సుమియే. అతడు నడుం దాకా వంగి, తలెత్తకుండానే సంతాపం చెప్పాడు.

"పోయిందెవరండీ?" అందామె కంగారుగా.

నిషిగోరి తలెత్తి చూశాడు. "మీరేనండీ," అన్నాడు.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. తొకుజీ కుందేలును చేస్తే కర్మకాండ అయింది. మోకాళ్ళ మీద కూర్చుని అంతా ఒప్పుకున్నాడు. రెండు రోజులు సుమియే అతడికి టీ కూడా పెట్టలేదు.

మూడో రోజు ఉత్తరాలు మొదలయ్యాయి. హరుయో ఆమె కార్డులన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచుకుందట. ఒకాయన ఆమె గీసిన పులిని ఆసుపత్రిలో మంచం పక్కనే పెట్టుకుని ఆపరేషనుకు వెళ్ళాడట. సుమియే ఒక్కో ఉత్తరాన్నీ రెండేసి సార్లు చదివింది. కళ్ళు తుడుచుకుంటూ, "బతికుండగా ఒక్కరూ చెప్పలేదే," అంది.

నువ్వు బతికే ఉన్నావని అందరికీ ఫోను చేసి చెప్పేస్తానని తొకుజీ లేచాడు.

"ఇంత మాట ఫోనులోనా? కార్డు వెయ్యాలి," అంది సుమియే. "సిరా కొనుక్కురండి. నీళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి."

ఆ సాయంత్రం ఆమె ముందుకు దూకుతున్న కుందేలును గీసింది. ఉలి పట్టిన తొకుజీకి పట్టరాని సంతోషం కలిగింది. అచ్చులు ఆరేలోగా ఆమె చిరునామాల పుస్తకం తెరిచి, తను పోయినా పలకరించని పదకొండు మంది పేర్లు కొట్టేసింది.