నిఖిలేష్ ఆల్బం, నిండని సంపు

ఆదివారం సాయంత్రం కూతురు కీర్తిప్రియ నిశ్చితార్థం. వంద మందికి ఇంట్లోనే వంట. అందుకే బుధవారం పొద్దున వైకుంఠం ఉస్మాన్‌గంజ్‌లోని మిర్చి దుకాణానికి పోకుండా, పురానాపూల్‌లోని తన ఇంటి సంపు పక్కన కుర్చీ వేసుకున్నాడు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆదివారం నాటికి సంపు నిండాలి.

ఇరవై నిమిషాలకే నీళ్లు ఆగిపోయాయి. సోమవారం గంటసేపు వచ్చిన నల్లా!

"గిండ్ల ఏదో మతలబు ఉన్నది," అన్నాడు భార్యతో.

"మతలబు ఉన్నది, నీళ్లే లేవు," అంది విజయలక్ష్మి.

మిర్చి బస్తా పైన ఎంత ఎర్రగా ఉన్నా, చెయ్యి అడుగుదాకా పెట్టి తడి చూసే మనిషి వైకుంఠం. వీధిలోకి తొంగి చూశాడు. వాల్వు దగ్గర నీళ్లు వదిలే లైన్‌మన్ డానియేలు, ఎదురింటి బాబురావు తలలు ఆనించి గుసగుసలాడుతున్నారు. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన బాబురావు ఇంట్లో ఉండేది ఇద్దరు. సంపు మాత్రం వైకుంఠం సంపుకు రెండింతలు. అనుమానానికి అంతకన్నా ఏం కావాలి?

శుక్రవారం డానియేలుకు తానే స్వయంగా చాయ్, బిస్కెట్లు మోసుకెళ్లాడు. పదిహేను నిమిషాలకే నల్లా బంద్.

"బాబురావు దొంగ లైను గిట్ల ఏసిండేమో," అని పక్కింట్లో ఒక్క మాట అన్నాడు. సాయంత్రానికి ఆ మాటే పాల పుష్పమ్మ నోట తిరిగి ఆయన గుమ్మానికే వచ్చింది: "తెల్సా సేటూ, బాబురావు మెట్ల కింద దొంగ పైపు దొరికిందంట!"

"చూసినవా, నేనొక్కణ్ణే అంటలేను," అన్నాడు భార్యతో.

శనివారం వీధివాళ్లు నలుగురు గడ్డపారలతో బాబురావు మెట్లు తవ్వేశారు. దొరికింది బాబురావు మామూలు పైపే.

"ఏం లొల్లి భాయ్ ఇది! దొంగ లైను లేదు, ఏం లేదు," అని అరిచాడు బాబురావు. "డానియేలు చెవుల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలు వింటడు. కొత్త ఆల్బం అయిపోయేదాకా వాల్వు తీసి ఉంచుతడు. నచ్చకుంటే మధ్యలనే బంద్ చేసి పోతడు. మొన్న నాకు ఒక చెవు ఇచ్చి వినిపిస్తుండె!"

వైకుంఠం నమ్మలేదు. నేరుగా డానియేలునే అడిగాడు.

"నిజమే సేటూ," అన్నాడు డానియేలు దాచకుండా. "సోమవారంది మస్తుండె, ఆఖరిదాకా విన్న. బుధవారంది, ఒకటే పాట నాలుగు అంగీలు మార్చుకొని వచ్చినట్లుండె. శుక్రవారందైతే డప్పు కొట్టెటోనికీ పాడెటామెకూ పాత పగ ఉన్నట్లుండె. ఎట్ల వినాలె?"

వైకుంఠం మెదడు చురుగ్గా పనిచేసింది. కొడుకు నిఖిలేష్ రెండేళ్లు గది తలుపులు మూసుకుని ఒక ఆల్బం చేశాడు. తొమ్మిది పాటలు, గంటా ఐదు నిమిషాలు.

"మా పిలగానిది. రేపు ఇదే విను," అని ఆల్బం డానియేలు ఫోన్‌కు పంపాడు.

"వింట సేటూ. నచ్చుతదో లేదో మాత్రం నా ఇష్టం."

"కొడుకు పాట మీరు ఒక్కటన్న విన్నరా?" అంది ఇంట్లో విజయలక్ష్మి.

"నేనెందుకు? గంటా ఐదు నిమిషాలు ఉన్నది గదా!"

ఆదివారం పొద్దున బాబురావు మధ్యలో ఏదైనా చిన్న ఆల్బం దూరుస్తాడేమోనని వైకుంఠం వాల్వు దగ్గరే కాపలా నిలబడ్డాడు. మొదటి పాటకు డానియేలు తల ఊపాడు. రెండో పాటకు కళ్లు తుడుచుకున్నాడు. వైకుంఠం గుండె కుదుటపడింది. మూడో పాట సగంలో డానియేలు లేచి, వాల్వు బిగించి, బండి స్టార్ట్ చేశాడు.

"ఏందిది డానియేలూ! బాగలేదా?"

"బాగలేకపోవుడేంది సేటూ! కండ్లల్ల నీళ్లొచ్చినయి."

"కండ్లల్ల కాదు, నా సంపుల రావాలె!"

"గిసుంటి పాటలు సందుల నిలబడి వినేటివి కావు. ఇంటికి పోయి, తలుపు పెట్టుకొని వింట," అని వెళ్లిపోయాడు.

వైకుంఠం బాబురావు గుమ్మం ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"దొంగ లైను కావాల్నా సేటూ?" అన్నాడు బాబురావు. శనివారం తవ్విన గుంతలోంచే బాబురావు పెద్ద సంపు నుంచి వైకుంఠం సంపుకు పైపు వేశారు. వంద మందికీ నీళ్లు సరిపోయాయి.

నిఖిలేష్ ఆల్బం మీద ఇంతవరకు ఇద్దరే అభిప్రాయం చెప్పారు. చాలా బాగుందని డానియేలు, కొంచెం తక్కువ బాగుంటే సరిపోయేదని వైకుంఠం.