డ్రైవర్ దొరకలేదయ్యగారూ

ఆ శనివారం పొద్దున సుకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం సువార్త కూటానికి పాటల కాగితాలు అచ్చు వేసి, జకర్యా పాస్టరుగారి చేతిలో పెట్టాలి. మణుగూరులో అతని డీటీపీ షాపుకు అదే మొదటి పెద్ద పని. అంతకంటే పెద్ద సంగతి పాస్టరుగారి అమ్మాయి దీవెన. పిల్లనిమ్మని సుకుమార్ తల్లి ఆరోగ్యమ్మ అడిగితే, "ముందు పిలగాడు ఒక్క పనన్న సక్కగ చేస్తడేమో చూద్దాం" అన్నారాయన. ఆ ఒక్క పనీ ఇదే.

వైరస్ బాధ పడలేక వారం కిందటే సుకుమార్ కంప్యూటరులో విండోస్ తీసేసి లైనక్స్ వేయించాడు. వైరస్ పోయింది, దాంతోపాటు ప్రింటరూ పోయింది. ప్రింటరును పలికించే డ్రైవర్ అనే ప్రోగ్రాం సీడీలో ఉందిగానీ, అది విండోస్ మాట తప్ప వినదు. నెట్ సెంటరులో వెతికి ఇంకేదో తెచ్చి ఎక్కించాడు. ప్రింటరు కాగితాన్ని ఆబగా లోపలికి లాక్కుని, తెల్లగానే బయటికి వదిలింది.

అప్పుడే పాస్టరుగారు ఫోన్ చేశారు.

"పాత డ్రైవర్‌కు, కొత్తదానికి పడ్తలేదయ్యగారూ. డ్రైవర్ దొరికితే ఒక్క గంటల పనైతది" అన్నాడు సుకుమార్. అంతలో సిగ్నల్ పోయింది.

పాస్టరుగారికి ఒక్కటే అర్థమైంది. పిలగాడు కొత్త బండి కొన్నాడు, అణకువ కొద్దీ చెప్పుకోలేదు. ఆ మాట భార్య ఫ్లోరెన్స్‌కు చెప్పారు. ఆవిడకు చెప్పడమంటే సంఘమంతటికీ చెప్పినట్టే. అడవి పల్లెల జనాన్ని కూటానికి తేవడానికి బండి దొరికిందని అందరూ స్తోత్రం చెప్పారు. అయితే ప్రార్థన చేయనిదే కొత్త బండి రోడ్డెక్కకూడదు. కిరాయి ఆటో నడిపే హరిలాల్‌కు డ్రైవర్ ఉద్యోగం ఖాయమని చెప్పి, ఆ ఆటోలోనే పూలదండతో, పాటల బృందంతో పాస్టరుగారు షాపు ముందు దిగారు.

"బండి యాడుంది?"

"ఏ బండి అయ్యగారూ?"

"డ్రైవర్ దొరకనిది."

సుకుమార్ స్టూలు మీది ప్రింటరును చూపించాడు. దండ ఎవరికి వేయాలో తోచక ఫ్లోరెన్స్ నిలబడిపోయింది. బృందంలో ఉన్న దీవెన నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సుకుమార్‌కు మాత్రం ఏడుపొచ్చింది. పెళ్లి మాట ఇక్కడితో సరి అనుకున్నాడు. అయినా డ్రైవర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పి, "నాకు సైకిలే ఉందయ్యగారూ. బండి కొన్ననని నేన్ చెప్పలే" అన్నాడు. పాల్వంచలో దోస్తు దగ్గర విండోస్ సీడీ ఉందనీ, కంప్యూటరు అక్కడికి తీసుకుపోతే పని అవుతుందనీ కూడా చెప్పాడు.

పాస్టరుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. తర్వాత హరిలాల్ భుజం మీద చెయ్యి వేశారు.

"డ్రైవర్ దొరికితే ఒక్క గంటల పనైతదంటివి గద. ఈయన సరిపోతడా?"

బృందాన్ని నడిచి రమ్మని, ఆటోలో కంప్యూటరునూ ప్రింటరునూ ఎక్కించారు. దండ ఎందుకు వృథా చేయాలని ఫ్లోరెన్స్ దాన్ని ప్రింటరుకే వేసింది. పాస్టరుగారు ప్రార్థన కూడా అక్కడే కానిచ్చారు. పాల్వంచలో విండోస్ మళ్లీ ఎక్కింది, ప్రింటరు నోరు విప్పింది. దీపాలు పెట్టే వేళకు పాటల కాగితాలు కూటానికి చేరాయి.

కూటం ముగిశాక పాస్టరుగారు ఆరోగ్యమ్మను పిలిచి, "పని సక్కగనే చేసిండు. అంతమందిల బండి లేదని నిజం గూడ చెప్పిండు. పెళ్లి తారీఖు మాట్లాడుకుందాం వదినా" అన్నారు. కొడుకు పెళ్లి కుదిరిందని ఆ తల్లి సంతోషంతో కళ్లు తుడుచుకుంది.

ఆ వారమే కొత్త విండోస్ వచ్చిందని విని సుకుమార్ అది వేయించాడు. పాత డ్రైవర్‌కు, దానికి కూడా పడలేదు. పెళ్లి కార్డులు కొత్తగూడెంలో అచ్చయ్యాయి.