యజమాని చేతి గొడుగు

ఆరోగ్యం మేడమ్ పిన్ని సంచిలో తువ్వాలు పెట్టింది. పిన్ని తీసేసింది. మేడమ్ మళ్ళీ పెట్టింది. నొప్పుల నూనె సీసా, మెత్తటి చెప్పులు, లావుపాటి నవల కూడా కుక్కి, ఊపిరి బిగబట్టి జిప్పు లాగింది. ప్రయాణం తనదే అయినంత సంబరంగా ఉంది ఆమెకు.

అది గొడుగులు తయారుచేసే కంపెనీ. ఉద్యోగుల బాగోగులు చూడటానికి కొత్తగా ఒక పథకం పెట్టి, లెక్కలు రాసుకునే ఆమెను దానికి పెద్దను చేశారు. ఆ రోజునుంచి ఆమె అందరికీ ఆరోగ్యం మేడమే, అసలు పేరు మరిచిపోయారు. పథకంలో మొదటి మెట్టు విశ్రాంతి. సరస్సు పక్కన అతిథిగృహంలో కంపెనీ ఖర్చుతో వారంపాటు ఉండి రావచ్చు, జీతంలో కోత లేదు. అయినా ఒక్కరూ ముందుకు రాలేదు. ఎవరైనా హాయిగా వెళ్ళి హాయిగా తిరిగొస్తేనే పథకం నిలుస్తుందనీ, లేదంటే చాప చుట్టేయమనీ యజమాని తేల్చి చెప్పాడు.

అందుకే మేడమ్ గుడ్డ కుట్టే విభాగంలో పిన్నిని పట్టుకుంది. కంపెనీ మొత్తానికి పిన్ని అయిన ఆ మనిషికి మెషీను ముందు కూర్చుని కూర్చుని కుడిభుజం బిగుసుకుపోయింది. జుట్టు ముడి కూడా కోడలే వేస్తోంది. వారం రోజులు ఆ చెయ్యి ఊరుకుంటే కాస్త తేరుకుంటుందని మేడమ్ ఆశ.

"నా మెషీను ఎవరైనా ముట్టుకుంటారేమోనమ్మా," అంది పిన్ని.

"దుప్పటి కప్పి వెళ్దాం పిన్నీ."

"దుప్పటి కప్పితే పోయిందనుకుంటారు."

ఎలాగో బుజ్జగించి కిందికి దించేసరికి వాన పట్టుకుంది. గుమ్మంలో యజమాని ఎదురయ్యాడు. సంచి చూశాడు, వాన చూశాడు. అద్దాల బీరువాలోంచి కొత్త నల్లగొడుగు తీసి, తన చేత్తోనే విప్పి, పిన్ని చేతిలో పెట్టాడు. "తడవకు. జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ వేలకొద్దీ గొడుగులు చేసే ఆ కంపెనీలో పనివాళ్ళకు ఉత్తగా గొడుగు దక్కేది జీవితంలో ఒక్కసారే. కొలువు ముగిసిన రోజున యజమాని స్వయంగా విప్పి ఇస్తాడు, ఆ మనిషి దాని కింద నడుచుకుంటూ గేటు దాటిపోతాడు. ఆయన తండ్రి పెట్టిన ఆనవాయితీ అది. సంచితో ఎవరు కనబడినా ఆయన చెయ్యి దానంతటదే గొడుగు మీదికి పోతుంది.

పిన్ని గొడుగు కిందనే మెట్టు మీద కూలబడింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత అదంతా చూశాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం ఆయన. భుజంనొప్పి ఉందని పిన్నిని తీసేశారని ఊచలు బిగించేవాళ్ళకు చెప్పాడు. ఆ కబురు పిడులు అమర్చేవాళ్ళ దగ్గరికి చేరేసరికి నొప్పులున్న వాళ్ళందరినీ తీసేస్తున్నారని తేలింది. కిందటి వారమే మేడమ్ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని ఆప్యాయంగా అడిగింది మరి. ఎందుకడిగిందో ఇప్పుడు అందరికీ అర్థమైపోయింది.

నడుంనొప్పి చెప్పుకున్నాయన ఊచల కట్ట నెత్తిమీదికెత్తుకుని మేడమ్ ఎదుట పచార్లు మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులావిడ ఆయాసపడుతూ మెట్లు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. నిద్ర పట్టదని చెప్పినవాడు, అది అబద్ధమని చూపించడానికి అక్కడే బల్లమీద పడుకుని గురక పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మేడమ్ పని.

అప్పుడు ఆమెకు మెరుపులాంటి ఆలోచన తట్టింది. అందరి చేతుల్లోనూ గొడుగు ఉంటే, గొడుగంటే ఉద్వాసన అని ఎవరనుకుంటారు? బీరువా తెరిచి, కనబడ్డవాళ్ళకల్లా పంచేసింది.

మెషీన్లు ఆగిపోయాయి. కంపెనీయే మూసేస్తున్నారట.

ఎదుటి టీ కొట్టాయన పరుగున వచ్చి తన గ్లాసులు లెక్కపెట్టి పట్టుకుపోయాడు. సరుకుతో వచ్చిన లారీని, ఇక్కడింకేం మిగల్లేదని చెప్పి వాచ్‌మన్ తాతే వెనక్కి తిప్పి పంపాడు. ఆవరణ అంతా నల్లగొడుగులు. వాటి కింద ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడుపులు, చిరునామాలు రాసుకోవడాలు. కిటికీ తెరవాలా మూయాలా అన్న తగువుతో ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు ఒకే గొడుగు కింద చేరి, తప్పంతా నాదంటే నాదని కొత్తగా పోట్లాడుకుంటున్నారు.

యజమాని బయటికొచ్చాడు. ఎవరినీ తీసెయ్యలేదనీ, మూసేది లేదనీ, పిన్ని వారానికి తిరిగొస్తుందనీ గొంతు చించుకుని చెప్పాడు. ఎవరూ కదల్లేదు. పిన్ని మెట్టుమీంచి లేచింది.

"అయ్యా, మీ చేతి గొడుగు పట్టుకుని గేటు దాటినోళ్ళు ఎవరైనా తిరిగొచ్చారా? ఒక్క మనిషిని చూపించండి, ఇప్పుడే వెళ్తా."

ఆయన గేటుకేసి చూశాడు. ఆ గేట్లోంచి ఎన్ని వీపులు వెళ్ళిపోయాయో ఆయనకు మాత్రం తెలియదా?

పథకం తన కళ్ళముందే నీరుగారిపోతుంటే మేడమ్ ఉండబట్టలేకపోయింది. "అయితే మీరే వెళ్ళిరండి సార్. గొడుగు పట్టుకుని వెళ్ళి, వారం తర్వాత అదే గేట్లోంచి రండి. అందరూ కళ్ళారా చూస్తారు."

"నాకెందుకమ్మా విశ్రాంతి? నేనేం పనిచేస్తున్నాను గనక?"

ఆ మాట కాదనడానికి ఎవరూ తొందరపడలేదు. దాంతో ఆయనకు కాస్త రోషం వచ్చింది. సరే వెళ్తానన్నాడు. పిన్ని తన సంచి తెచ్చి ఆయన భుజానికి తగిలించింది. ఎడమచేత్తో తన గొడుగు అందించింది.

"తడవకండి. జాగ్రత్తగా వెళ్ళండి."

మెషీన్లు మళ్ళీ తిరిగాయి. యజమాని కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఆయన అక్కగారు వచ్చి కూర్చుంది. వచ్చీరాగానే గుడ్డ కుట్టేవాళ్ళకు ఎత్తు సరిపోయే కుర్చీలు వేయించింది. వారం గడిచాక కంపెనీ అంతా గేటు దగ్గర నిలబడింది. కారు వచ్చింది. అందులో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. నవల మంచి పట్టులో ఉందనీ, ఇంకో వారం ఆగి వస్తాననీ అయ్యగారు చెప్పమన్నారట.

మేడమ్ ఇక ఈ జన్మలో ఎవరూ గేటు దాటరనుకుంది. పిన్ని మాత్రం చాలాసేపు ఆలోచించింది.

"అంత బాగుంటుందేమిటమ్మా అక్కడ?" అని మేడమ్‌ని అడిగింది.

మర్నాడు ఇంకో సంచి తనే సర్దుకుని వెళ్ళింది. వారానికి వచ్చి, కుడిచెయ్యి చెవిదాకా ఎత్తి అందరికీ చూపించింది. ఆ తర్వాత నడుంనొప్పాయన వెళ్ళొచ్చాడు, మోకాళ్ళావిడ వెళ్ళొచ్చింది. వాచ్‌మన్ తాత రెండుసార్లు వెళ్ళొచ్చాడు. వెళ్ళినవాళ్ళంతా చెప్పిన రోజుకి తిరిగొచ్చారు.

వానలు మొదలైన వారంలో వెళ్ళిన యజమాని మాత్రం, ప్రతిసారీ ఇంకో వారం ఇంకో వారం అంటూ, ఇక రాలేదు.