కామా ఇచ్చిన బలం

బక్క పిల్లలకు బలం రావాలంటే ఇన్నాళ్లూ ఎన్ని పనులు చేయాల్సి వచ్చేది! గుడ్లు ఉడకబెట్టాలి. పాలు కాచాలి. నెలనెలా తూచాలి. తూకం పెరగకపోతే తల్లిని పిలిచి మాట్లాడాలి, రెండో గుడ్డు పెట్టాలి, అప్పటికీ పెరగకపోతే దవాఖానకు తీసుకుపోవాలి.

ఇంత శ్రమ దేనికండీ? ఒక్క కామా చాలు!

నవ్వకండి. మగ్గం నేసే మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చదువుకున్నవాడిగా నలుగురికీ చెప్పడం నా బాధ్యత.

మనం ఏడున్నరను 7.5 అని చుక్కతో రాస్తాం. కొన్ని దేశాల్లో ఆ చుక్క జాగాలో కామా పెడతారు. మా మండలంలోని అంగన్‌వాడీలన్నిటికీ కొత్తగా వచ్చిన కాంటాలు ఆ దేశాలవి. మా ఊరి టీచర్ సుమన గారు కనబడింది కనబడినట్టు ఫోన్‌లో ఎక్కిస్తారు. ఫోన్‌లోని యాప్ మాత్రం పక్కా దేశీ. దాని దృష్టిలో కామా అంటే వేలకూ లక్షలకూ పెట్టే సోకు. తీసి పారేస్తుంది. రెండేళ్ల అఖిల 7,4 తూగితే డేటాబేస్‌లో 74 కిలోలు!

ఎంత అభివృద్ధి! మా పక్కింటి భిక్షం మనుమడు పుడుతూనే ఇరవై ఆరు కిలోలు. పిల్లలను సైకిల్ మీద ఎక్కించుకుంటే ఓవర్‌లోడ్ కేసే. ఇకమీదట వాళ్లను చిట్యాల హైవే మీద లారీలు తూచే కాంటాకు తోలుకుపోవడం మంచిది. మండలంలో బక్కపిల్లలు సున్నా! ఆఫీసు సార్లకు శాలువాలు కూడా కప్పారు.

ఈ ప్రగతి అర్థం కానిది అఖిల నాయనమ్మ సాలమ్మకే.

"టీచరమ్మా, మొన్నటిదాంక పిల్లకు రెండు గుడ్లిస్తివి. గిప్పుడు ఒక్కటేంది?"

"ఏం జెయ్యాలె అవ్వా? నీ మనుమరాలు డెబ్బై నాలుగు కిలోలున్నదట. లావు తగ్గించాలని మెసేజొచ్చింది."

"గంత బరువుంటే చంకల ఏస్కొని ఊరంత ఎట్ల తిరుగుతున్ననే? మీ కంప్యూటర్‌ను జర వచ్చి ఎత్తుకొని చూడమను!"

సుమన గారు పై సారుకు ఫోన్ చేశారు, తప్పు దిద్దమని. సారు ఎంత దూరదృష్టి కలవారో వినండి.

"దిద్దుడు పెద్ద పని గాదమ్మా. కానీ పిల్ల ఒక్క నెలల అరవై ఆరు కిలోలు తగ్గినట్టయితది. ఎందుకు తగ్గిందంటే పైకి నేనేం జవాబు జెప్పాలె?"

నిజమే కదా! పిల్ల బక్కగా ఉంటే పిల్లకే కష్టం. లెక్క బక్కచిక్కితే ఆఫీసు మొత్తానికి కష్టం!

అఖిలకు మాత్రం ఈ సంగతులేవీ తెలియవు. తనకు బలం వచ్చేసిందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఉన్న ఒక్క గుడ్డూ తినేసి, రెండోదాని కోసం పళ్లెం చాపుతోంది.

మా మండలంలో బక్కపిల్లలే లేరని ఎవరైనా మీకు లెక్క చూపిస్తే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టే ముందు ఒక్కసారి అఖిలను గుర్తు చేసుకోండి.