సున్నా కాంప్లికేషన్ల ఆసుపత్రి

మా పెద్దాసుపత్రిలో తొంభై రోజుల తర్వాత ఏ గర్భిణికీ, ఏ బాలింతకీ కాంప్లికేషన్ అన్నదే రాదని ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ఎలాగని ఎవరూ అడగలేదు. శుభమా అని మాట్లాడుతుంటే అలాంటివి అడగడం మర్యాద కాదు. సభ కాన్పుల వార్డులోనే పెట్టారు. మంచానికి ఇద్దరు చొప్పున పడుకోవడంతో చోటు చాలక, వచ్చినవాళ్లు చేతులు నెత్తిమీదికెత్తి చప్పట్లు కొట్టారు. మర్నాడు పత్రికల్లో దాన్ని ఉప్పొంగిన ఉత్సాహం అని రాశారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను బోర్డులు రాసే పెయింటర్ని. ఆసుపత్రి గేటు పక్క గోడమీద 'నేటి కాంప్లికేషన్లు' అని రాసి, దానికింద రోజూ అంకె మార్చే పని నాకే అప్పగించారు. మొదటిరోజు పదకొండు వేశాను. మంత్రిగారు కారు దిగి మొహం చిట్లించారు.

"ఇంత పెద్దగా వేశావేంటయ్యా?"

"సున్నా అయితే ఇంకా పెద్దగా వేస్తానండి."

ఆయన నా భుజం తట్టారు. తెలివైనవాణ్ణి తెలివైనవాడు ఇట్టే పసిగడతాడు.

ఆ మధ్యాహ్నమే మీటింగు జరిగింది. హాలు గోడమీద 'తల్లి క్షేమమే అందరి క్షేమం' అని రాస్తూ నేను నిచ్చెన మీదున్నాను కాబట్టి నన్నెవరూ మనిషి కింద లెక్కెయ్యలేదు. మంత్రిగారి సలహాదారు హెడ్ నర్సుని అడిగారు, "ఏం కావాలో చెప్పండమ్మా."

ఆవిడది ఆ వార్డులో ఇరవయ్యారేళ్ల సర్వీసు. కొంగు బిగించి గబగబా చెప్పింది. "పనిచేసే బీపీ మిషన్లు రెండు. ఫిట్సు ఆపే ఇంజక్షన్లు. నిల్వ రక్తం. పిలిస్తే పలికే డాక్టరు. కాన్పయ్యాక కనీసం రెండు రోజులైనా మనిషిని మంచం మీద ఉంచనివ్వండి."

సలహాదారు జాలిగా నవ్వారు. "ఇవి సామాన్లమ్మా. నేనడిగింది విజన్." తర్వాత సూపరింటెండెంటు వైపు తిరిగారు. "డాక్టరుగారూ, ఆసుపత్రి కాంప్లికేషన్ అంటే ఏంటి?"

"ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి వచ్చేదండీ."

"లేనివాళ్లకి రాదు కదా?"

"ఎలా వస్తుందండీ?"

"మరింకేం!"

ముందస్తు తరలింపు పథకం అలా పుట్టింది. కాళ్లు వాచినా, తలనొప్పన్నా, మనిషి పాలిపోయినట్టున్నా, తొలి కాన్పయినా, ఐదో కాన్పయినా సరే, వెంటనే అంబులెన్సెక్కించి నలభై కిలోమీటర్ల అవతల పక్క జిల్లా ఆసుపత్రికి పంపెయ్యాలి. సవ్యంగా కాన్పయినవాళ్లని ఆరుగంటల్లో ఇంటికి పంపాలి.

"మొదటి రోజేనండీ రక్తం పోయేది," అంది హెడ్ నర్సు.

"అందుకే కదమ్మా త్వరగా పంపిస్తున్నాం."

"ఇంటికెళ్లాక జ్వరం వస్తే?"

"అది ఇంటి జ్వరం."

దక్షత అంటే అదీ. పదకొండు ఏడయింది, ఏడు నాలుగయింది. ముప్పయ్యేడో రోజున సున్నా వేశాను. మాటిచ్చాను కాబట్టి మూడడుగుల సున్నా వేశాను. దాని ముందు నిలబడి మంత్రిగారు ఫొటో దిగితే, ఆయన తల చుట్టూ వెలుగు చక్రంలా కనిపించింది. హెడ్ నర్సు మాత్రం అదే రోజు సెలవు పెట్టి వెళ్లిపోయింది. పెద్దవాళ్ల విజయం చూసి ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారనుకున్నాను.

యాభయ్యో రోజున మా చెల్లెలు తల పగిలిపోతోందంది. దానికి తొలిచూలు, తొమ్మిదో నెల. మొగుడు లారీమీద ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు కాబట్టి నా దగ్గరే ఉంటోంది. కాళ్లు వాచి నా చెప్పులు కూడా పట్టడం లేదు. "కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయన్నయ్యా," అంది, పట్టపగలు.

నేను కంగారు పడలేదు. సున్నా వేసిన చెయ్యి నాది. గర్వంగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. గేటు దగ్గర డ్యూటీ డాక్టరు మా చెల్లెలి మొహం చూడలేదు, కాళ్లు చూశాడు.

"ఈమె మన లక్ష్యానికి అనుకూలంగా లేదు."

"బీపీ చూడండి సార్."

"చూస్తే రాయాలి. రాస్తే లెక్కలోకొస్తుంది. గోడమీద అంకె నువ్వే కదయ్యా వేసేది, ఆమాత్రం తెలీదూ?"

నాలుగు నిమిషాల్లో మమ్మల్ని అంబులెన్సులో కూర్చోబెట్టారు. పాతరోజుల్లో చీటీ రాయించుకోడానికే రెండు గంటలు పట్టేది.

రెండు జిల్లాలకీ మధ్య ఏరుంది. దానిమీద పొడుగాటి వంతెన. సరిగ్గా వంతెన మధ్యలో డ్రైవరు బండి ఆపాడు. ఎదురుగా అటునుంచి వచ్చిన అంబులెన్సు ఒకటి ఆగింది. ఇద్దరు డ్రైవర్లూ వియ్యంకుల్లా తలలూపుకున్నారు.

"ఆపావేంటయ్యా?" అన్నాను.

"ఇచ్చిపుచ్చుకోవాలి కదా."

"ఏంటి ఇచ్చిపుచ్చుకునేది?"

"వాళ్లాసుపత్రి కూడా సున్నా అని ప్రకటించింది. మీవాళ్లని వాళ్లు గేటు దాటనివ్వరు, వాళ్లవాళ్లని మీవాళ్లు దాటనివ్వరు. అనవసరంగా ఆయిలు తగలెయ్యడం దేనికని మేమే ఇక్కడ ఆపేస్తున్నాం."

"మరి వీళ్లు?"

డ్రైవరు వంతెన పక్కనున్న గది చూపించాడు. ఒకప్పుడు అక్కడ టోల్ వసూలు చేసేవాళ్లు, ఇప్పుడు మూతపడింది. తలుపు తీసి నిలబడ్డాడు వంతెన కాపలా తాత. లోపల రెండు మంచాలు, కుంపటి మీద మరుగుతున్న నీళ్లు, గిన్నెలో కత్తెర. మంచాల మధ్యన హెడ్ నర్సు.

"ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను," అంది నా చూపు చూసి. "అబద్ధం కాదులే. అక్కడుంటే బాగుండటం లేదు."

అటు బండిలో వచ్చినావిడని ఒక మంచం మీద, మా చెల్లెల్ని ఇంకో మంచం మీద పడుకోబెట్టి, సొంత బీపీ మిషను ముందు మా చెల్లెలి చేతికి చుట్టింది. నూటఎనభై, నూటఇరవై. ఆ అంకె ఆవిడ పైకి అనేలోపే మా చెల్లెలి కళ్లు పైకి తిరిగిపోయాయి. పళ్లు కరుచుకుపోయాయి. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలెట్టింది. దాన్ని చిన్నప్పుడు భుజాలమీద మోసినవాణ్ణి, ఇప్పుడు ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"పక్కకి తిప్పు! నోట్లో ఏమీ పెట్టకు! తాతా, ఆ గాజుసీసాలు!"

తుంటికి రెండువైపులా రెండు ఇంజక్షన్లు పొడిచింది. కాసేపటికి మా చెల్లెలి ఒళ్లు సద్దుమణిగింది. హెడ్ నర్సు గుమ్మంలోకెళ్లి కేకేసింది, "ఏ బండిలో ఉందయ్యా ఆక్సిజన్?"

"రెంటిమీదా రాసుంది మేడమ్," అన్నారు డ్రైవర్లు.

రాసింది నేనే. చక్కటి నీలంరంగు అక్షరాలు.

మూడు గంటల తర్వాత ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. మేం ఊపిరి పీల్చుకునేలోపే రక్తం మొదలైంది. హెడ్ నర్సు ఇంకో ఇంజక్షనిచ్చి, ఒక చేత్తో పొట్ట గట్టిగా రుద్దుతూ, "ఆగవే తల్లీ, ఆగు," అని రక్తంతోనే మాట్లాడింది. ఇరవై నిమిషాలు. తాత పసిదాన్ని తన కండువాలో చుట్టి పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నా చేతిలో మా చెల్లెలి చెయ్యి చల్లగా ఉంది. తర్వాత మెల్లగా వెచ్చబడింది.

చాలాసేపటికి అది కళ్లు తెరిచి, "ఆసుపత్రికొచ్చేశామా అన్నయ్యా?" అంది.

"వచ్చేశాం," అన్నాను.

"అయిపోయిందనుకోకు," అంది హెడ్ నర్సు చేతులు కడుక్కుంటూ. "కాన్పయ్యాక కూడా ఫిట్సు రావచ్చు. ఇక్కడే నాలుగు రోజులుంచుతాను. ఇంటికెళ్లాక తలనొప్పన్నా, చూపు మసకన్నా, జ్వరమన్నా, రక్తం ఎక్కువ పోతోందన్నా వెంటనే తీసుకురా."

"ఎక్కడికి?"

"ఇక్కడికే," అందావిడ.

మా చెల్లెలు నిలబడింది. మేనకోడలు బొద్దుగా తయారైంది. నేను మాత్రం పొద్దున్నే వెళ్లి సున్నాకి రంగు వేస్తూనే ఉన్నాను. తిండి పెట్టే చెయ్యి అది.

తొంభయ్యో రోజున రెండు ఆసుపత్రులకీ కలిపి ప్రథమ బహుమతి ఇచ్చారు. సభలో అందరూ దండలు వేసుకుంటుంటే, గణాంకశాఖ నుంచి వచ్చిన ఒక సన్నపాటి ఆఫీసరు లేచి, "రెండు జిల్లాల ఆసుపత్రుల్లోనూ సున్నాయేనండి. కానీ అంబులెన్సుల లెక్క చూస్తే రెండు జిల్లాల మొత్తం ఒక్కటి కూడా తగ్గలేదు," అన్నాడు. మ్యాపు పరిచాడు. ఎర్రచుక్కలన్నీ ఒకేచోట, ఏటిమీద, చీమలు పట్టినట్టున్నాయి.

మంత్రిగారు మ్యాపు మీదికి వంగి గంభీరంగా చూశారు.

"ఆ వంతెనలో ఏదో లోపముంది," అన్నారు.

సభ నిర్ఘాంతపోయింది. మంత్రిగారికి ఇంజనీరింగు కూడా వచ్చని ఎవరికీ తెలీదు.

మర్నాడే చర్యలు మొదలయ్యాయి. తన పరిధిలో నలభైమూడు కాంప్లికేషన్లు ఎందుకొచ్చాయో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని కాపలా తాతకి నోటీసొచ్చింది. వంతెనమీద టోల్ గది ఎదురుగా 'గర్భిణులకు, బాలింతలకు ప్రవేశం లేదు' అని బోర్డు రాయడానికి నన్ను జీపులో తీసుకెళ్లారు. పర్యవేక్షణకి సలహాదారు స్వయంగా వచ్చారు. 'గర్భిణులకు' వరకు రాశాను. తర్వాతి అక్షరం రాలేదు. కుంచెలో రంగుంది, అయినా రాలేదు.

ఇంతలో రెండువైపులనుంచీ రెండు అంబులెన్సులు హారన్లు మోగించుకుంటూ వచ్చాయి. సలహాదారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వంతెన మూసేశాం. వెనక్కి తీసుకెళ్లండి."

"ఎవరి వెనక్కి సార్?" అన్నాడు డ్రైవరు.

బండిలోంచి మూలుగు వినిపిస్తోంది. హెడ్ నర్సు గదిలోంచి బయటికొచ్చి, ఎవర్నీ అడక్కుండా బండి వెనక తలుపు తీసింది. నేను కుంచె డబ్బాలో పడేసి స్ట్రెచరు రెండోవైపు పట్టుకున్నాను.

సలహాదారు మంత్రిగారికి ఫోన్ కలిపి పరిస్థితి వివరించారు. అవతల మంత్రిగారు అంతా విన్నారు. తర్వాత, వంతెన కింద ఎవరి పరిధి అని అడిగారు.