'ఈ ఇంట్లో ఉన్నవారికి' ప్రేమతో

మనుషుల్ని దగ్గర చేసేది ప్రేమ అనుకుంటున్నారా? ఎంత అమాయకులు! మనుషుల్ని దగ్గర చేసేది తపాలా రాయితీ. కొద్దిమందికి ఉత్తరాలు వేస్తే ఒక రేటు, ఊరందరికీ వేస్తే అంతకన్నా చౌక. అంటే ఎంత ఎక్కువమందిని ప్రేమిస్తే మనిషికి అంత తక్కువ ఖర్చన్నమాట! ఇంత ఉదాత్తమైన లెక్క ఏ వేదాంతి అయినా వేశాడా?

ఇది ఊహించి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను. నాకో కళ్ళజోళ్ళ షాపుంది. పత్రికలో ఈ కాలమ్ రాసేది గౌరవం కోసం, షాపు భోజనం కోసం. షాపులో కళ్ళు పరీక్ష చేసేది మా ఆవిడ. అందుకు తగ్గ చదువు చదువుకున్న మనిషి. నా పని గల్లాపెట్టె దగ్గర గంభీరంగా కనిపించడం.

ఏటా కస్టమర్లకి నేనొక ఉత్తరం రాస్తాను. రెండు పేజీలు, మంచి కాగితం, కవరు మీద ఎవరి పేరు వారికి. ఈ ఏడు బేరాలు పడిపోయాయి. అద్దె కట్టడమే గగనమైంది. మా బావమరిది తపాలా ఖర్చు చూసి, "బావా, నువ్వు కళ్ళజోళ్ళు అమ్మి పోస్టాఫీసుని పోషిస్తున్నావు" అన్నాడు. వాడు అకౌంటెంటు. ఎప్పుడూ నవ్వడు కాబట్టి వాడి మాటకి విలువెక్కువ.

సరే, కవరు తీసేసి కార్డు చేశాం. మరి రెండు పేజీల విషయం కార్డు మీద పట్టేదెలా? మామూలు వ్యాపారి అయితే సగం కొట్టేసేవాడు. నేను రచయితని! ఒక్క విశేషణం వదలమన్నా ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకని అక్షరాలే చిన్నవి చేయమన్నాను. ప్రెస్సాయన ప్రూఫు చేతిలో పెట్టి, "ఇది చదవాలంటే చీమక్కూడా కళ్ళజోడు కావాలి సార్" అన్నాడు. పొగిడాడనుకున్నాను.

పోస్టాఫీసు కౌంటర్లో ఉన్నావిడ నన్ను ఇంకో మెట్టు ఎక్కించింది. "పేర్లెందుకండీ? 'ఈ ఇంట్లో ఉన్నవారికి' అని వేయించండి. పోస్టుమాన్ ఇంటికొకటి వేసుకుంటూ పోతాడు. దానికి రేటు ఇంకా తక్కువ."

ఆలోచించండి! పేర్లతో ఎన్ని తంటాలు! ఇంటిపేరు తప్పు పడితే అలుగుతారు. పోయినవాళ్ళ పేరు మీద పడితే ఉన్నవాళ్ళు ఏడుస్తారు. పేరే లేకపోతే ఏ గొడవా లేదు కదా! ఆనందంగా పేర్లన్నీ పీకేశాను.

కార్డులు పంచిన మర్నాడు మా షాపు ముందు జనం! "ఒరేయ్, కుర్చీలు చాలడం లేదురా!" అని బావమరిదికి ఫోన్ చేశాను.

అందరి చేతుల్లోనూ నా కార్డే. అందరిదీ ఒకటే గోడు. "నిన్నటిదాకా బాగానే కనిపించేదండీ. ఈ కార్డు మీద షాపు పేరు తప్ప ఒక్కక్షరం ఆనడం లేదు!"

ఇంతకన్నా గొప్ప ప్రకటన ఉంటుందా? జబ్బునీ మందునీ ఒకే కార్డు మీద పంపేశాను! అప్పటికప్పుడు మనసులో ఏసీ కూడా కొనేశాను.

కానీ పరీక్ష చేసేది మా ఆవిడ కదా! ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఓపిగ్గా చూసి, "మీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయండీ. లోపమంతా మా ఆయన అచ్చులో ఉంది" అని పంపేస్తోంది. సైగలు చేశాను. దగ్గాను. చివరికి దగ్గరికెళ్ళి, "కనీసం చలవ కళ్ళద్దాలైనా..." అని గొణిగాను.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. నా షాపులోంచి నన్నే!

బయట బెంచీ మీద ఒక పెద్దాయన తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నిజంగానే చూపు తగ్గిన మనిషి. "నాయనా, ఇందులో ఏముందో కాస్త చదివి పెడతావా?" అని కార్డు అందించాడు.

రచయితకి ఇంతకన్నా ఏం కావాలి? గొంతు సవరించుకున్నాను. నాకూ అక్షరాలు ఆనలేదు గానీ కంఠతా వచ్చు కాబట్టి గడగడా చదివేశాను. "మీరు మాకు కస్టమర్ కారు, మా కుటుంబంలో ఒకరు! మీ కంటి చూపే మా ఇంటి వెలుగు!"

పెద్దాయన అంతా విని తృప్తిగా తలూపాడు. "బాగుంది. ఇంతకీ నా పేరేంటి?"

కార్డు తిప్పి చూశాను. 'ఈ ఇంట్లో ఉన్నవారికి'.

"మీ నాన్న హయాం నుంచీ నాకు కళ్ళజోడు ఇక్కడే. వీధి మలుపులో కనిపిస్తే చాలు, పేరు పెట్టి కేకేసేవాడు ఆయన" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే వాదించి గెలిచేవాణ్ణే!

పేరడిగాను. చెప్పాడు. లోపలికి తీసుకెళ్ళి ఆ పేరుతోనే మా ఆవిడకి పరిచయం చేస్తే, "నాకు తెలుసు" అంది. ఆ రోజు మేం అమ్మింది ఆయన జోడు ఒక్కటే.

కాబట్టి తోటి వ్యాపారులారా, తపాలా ఖర్చు తగ్గించుకోవడానికి రాజమార్గం కనిపెట్టాను. ఎదురుపడ్డ మనిషిని పేరడగండి. స్టాంపు అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే, దీనికి బల్క్ రాయితీ లేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా అడుక్కోవాల్సిందే.

ఈ ఉదయమే పక్క షాపాయనతో మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి 'ఏమండీ' అంటూ నెట్టుకొస్తున్న మనిషి. పేరడగ్గానే ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏం అమ్ముతున్నారు?" అన్నాడు అనుమానంగా.