విశ్రమించింది చీమలు కాదు

చీమల మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి కాలేజీ చేరాలి. లైబ్రరీకి వెళ్ళి తన సైటేషన్ల జాబితా తీసుకోవాలి. అందులో పది ఉంటే ఫైల్లో పెట్టి, పదకొండింటికి వచ్చే కమిటీ చేతికివ్వాలి. పది లేకపోతే ఏం చెయ్యాలన్నది పథకంలో లేదు.

ఒకరు రాసిన పరిశోధన వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసం చివర పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ముప్పై ఏళ్ళలో మాస్టారు చీమల మీద పద్నాలుగు వ్యాసాలు రాశారు. వాటిని పేర్కొన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఆరు ఆయన స్వయంగా రాసుకున్నవే. పది లేనివాళ్ళకు విడిగా ప్రయోగశాల గది ఉండనక్కర్లేదని ఈ ఏడాది కొత్త నిబంధన వచ్చింది. రెండో అంతస్తు చివరి గదిలో, ఆరు గాజు తొట్లలో, ఆయన చీమలు ఇరవై రెండేళ్ళుగా కాపురం ఉంటున్నాయి. సమావేశాల బల్ల పడుతుందో లేదో చూడ్డానికి శాఖాధిపతి ఆ గదిని ఇప్పటికే రెండుసార్లు టేపు పెట్టి కొలిచారు.

పదో సైటేషన్ ఇస్తానని కందిరీగల మీద పనిచేసే స్నేహితుడు మాట ఇచ్చాడు. అతని వ్యాసం పోయిన వారమే అచ్చయింది. మాస్టారి ఆశంతా కందిరీగల మీదే ఉంది.

ఆయన భార్యది ఆస్పత్రిలో ఉద్యోగం. అక్కడి మందుల విభాగంలో మాత్రలు లెక్కపెట్టి డబ్బాల్లో నింపించే పని ఆమె చేతిమీదుగా జరుగుతుంది. గది పోతే తొట్లను ఇంట్లో వెనక గదిలో పెట్టుకోవచ్చని, కావాలంటే వరండా కూడా వాడుకోవచ్చని ఆమె అప్పటికే ఒప్పుకుంది. ఒప్పుకున్నంత మాత్రాన ఊరుకోవాలని లేదు కదా. టిఫిన్ తింటూ ఆస్పత్రి సంగతి మొదలుపెట్టింది. భోజనం చేసి వచ్చినవాళ్ళు గంటదాకా మాత్రలు ముట్టుకోకూడదని, ఒకవేళ లెక్కపెడితే మరొకరు మళ్ళీ లెక్కపెట్టాలని గోడకి ఒక పట్టిక అంటించారట. దానివల్ల మధ్యాహ్నం పనంతా రెండింతలవుతోందట.

"ఎవడో పనీపాటా లేనివాడు కూర్చుని రాసుంటాడండీ" అంది.

మాస్టారు ఊఁకొట్టి కళ్ళు మూసుకుని కందిరీగల గురించి ఆలోచించారు.

"ఏవండీ, చీమలు విశ్రమిస్తున్నాయా?" అంది ఆమె.

ఆయన కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆ ప్రశ్న ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా వినిపిస్తోంది. దాని వెనక ఒక కథ ఉంది. అప్పట్లో మాస్టారు ఒక వ్యాసం రాశారు. మధ్యాహ్నం రెండు దాటాక చీమల బారులో చీమలు తగ్గుతాయని, అవి ఆ సమయంలో విశ్రమిస్తాయని అందులో తేల్చారు. అచ్చయిన నెలకి, బారును పదేసి నిమిషాలకోసారి తీసిన ఫోటోలు బయటపడ్డాయి. ఫోటోల్లో చీమలు తగ్గలేదు. మాస్టారు వాటిని చేతి లెక్కతో పోల్చుకుంటూ వారం రోజులు కూర్చున్నారు. ఆ తర్వాత అదే పత్రికకు అర పేజీ సవరణ పంపారు. విశ్రమించింది చీమలు కాదని, లెక్కపెట్టిన వ్యక్తి అని అందులో రాశారు. ఏ గంటలో ఆ వ్యక్తి వందకి ఎన్ని వదిలేశాడో ఒక పట్టిక కూడా వేశారు. పొద్దున మొదటి గంటలో రెండు, భోజనం తర్వాతి గంటలో పదకొండు. ఆ పత్రిక సవరణల కింద చిరునామా వెయ్యదు. తను ఏ ఊరివాడో ఎవరికీ తెలియకపోవడమే మంచిదని మాస్టారు సంతోషించారు.

లైబ్రరీలో జాబితా సిద్ధంగా ఉంది. అయితే అది ఒక కాగితం కాదు. పదహారు కాగితాలు, క్లిప్పు పెట్టి ఉన్నాయి.

"ఇది నాది కాదేమో చూడమ్మా" అన్నారు మాస్టారు.

మీదేనంది లైబ్రేరియన్. సవరణల సైటేషన్లను కంప్యూటర్ మొత్తంలో కలపదట. ఈ ఏడాది నుంచి వాటినీ కలపమన్నారట. అందుకని నిన్న భోజనం చేసొచ్చి, కూర్చుని, ఒక్కొక్కదానికీ పెన్నుతో టిక్కు పెట్టి కూడిందట. అడుగున మొత్తం రాసి ఉంది. పాత తొమ్మిది తొమ్మిదే. సవరణకు మాత్రం నాలుగు వందల పన్నెండు.

మాస్టారు కాగితాలు తిప్పారు. రోడ్ల మీద బళ్ళ లెక్కలో పొరపాట్లు. ఆస్పత్రుల్లో మాత్రల లెక్కలో పొరపాట్లు. చేపల లెక్క, ఓట్ల లెక్క, నక్షత్రాల లెక్క, గుడ్డల మిల్లులో పోగుల లెక్క. ఏ వ్యాసం పేరు చూసినా అందులో పొరపాటు ఉంది, కింద ఆయన పేరు ఉంది. ఆఖరి పేజీలో కందిరీగల స్నేహితుడు కనిపించాడు. చీమల వ్యాసాన్ని పేర్కొంటానన్నవాడు సవరణను పేర్కొన్నాడు.

ఆయనకి అర్థమైంది. పదకొండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం తను తీసిన కునుకును ప్రపంచంలో నాలుగు వందల పన్నెండు మంది వేలెత్తి చూపిస్తున్నారు. ఇంట్లో ఒక్క మనిషి అంటేనే తల ఎత్తుకోలేకపోతున్నారు.

"అమ్మా, ఈ సవరణ తీసేసి ఇవ్వు. నాకు పాత తొమ్మిది చాలు."

"తొమ్మిదైతే గది పోతుంది మాస్టారూ."

"పోతే పోనీ."

ఆమె అలా కుదరదంది. ఆయన పదహారు కాగితాలూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నాలుగు వందలు వచ్చిన మనిషి గది వద్దంటున్నాడంటే మరోచోట ఇంతకన్నా మంచి గది దొరికే ఉంటుందని లైబ్రేరియన్ అనుకుంది. ఆ మాట శాఖాధిపతి చెవిన వెయ్యడం తన ధర్మం అని కూడా అనుకుని ఫోన్ చేసింది.

మాస్టారు తన గదికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చించితే ముక్కలు కనిపిస్తాయి. సొరుగుకి తాళం లేదు. చివరికి మూడో తొట్టిని ఒక చేత్తో ఎత్తి, కాగితాలు దాని కిందకి తోశారు. తోస్తున్నప్పుడు పంచదార నీళ్ళ గిన్నె ఒలికింది. తొట్టికీ గిన్నెకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం ఊడింది. ఆయన నీళ్ళు తుడిచారు. గొట్టం చూసుకోలేదు.

శాఖాధిపతి మెట్లెక్కి వచ్చేసరికి రొప్పుతున్నారు. ఆయన ఈ గదికి టేపు లేకుండా రావడం అదే మొదటిసారి. నాలుగు వందల సైటేషన్ల మనిషి వెళ్ళిపోతే శాఖ స్థానం ఎన్ని మెట్లు దిగుతుందో దారిలోనే లెక్క వేసుకున్నారు.

"మాస్టారూ, వెళ్ళిపోతున్నారట?"

గది సంగతి అందరికీ తెలిసిందేనని మాస్టారు అనుకున్నారు. "తప్పదు కదండీ. చీమల్ని రోడ్డు మీద వదిలెయ్యలేను."

"అక్కడ గది ఇస్తామన్నారా?"

"ఇస్తామన్నారు. వెనకవైపు గది. కావాలంటే వరండా కూడా వాడుకోమన్నారు."

వరండా అనేసరికి శాఖాధిపతి కుర్చీలో కూర్చుండిపోయారు. కాగితం ఏదైనా రాసుకున్నారా అని అడిగారు. అలాంటివి ఉండవని, మాట మీదే నడుస్తుందని, ముప్పై ఏళ్ళుగా మాట తప్పింది లేదని మాస్టారు చెప్పారు. ముప్పై ఏళ్ళుగా బేరం నడుస్తోందని శాఖాధిపతి అనుకున్నారు. వెంటనే, ఈ గదితో పాటు పక్క గది కూడా ఇస్తామని, దయచేసి ఆ ఒప్పందం వదులుకోమని అన్నారు.

"వదులుకోవడం ఏమిటండీ? ఇంట్లో గొడవైపోతుంది" అన్నారు మాస్టారు.

ఈ మాటకి అర్థం ఏమిటో తేలకముందే తలుపు తెరుచుకుంది. కమిటీ అరగంట ముందే వచ్చింది. అధ్యక్షురాలు రోడ్ల ఇంజనీరు, నెరిసిన జుట్టు, చేతిలో పెద్ద సంచి. వెనక ఇద్దరు సభ్యులు. ఫైల్లో జాబితా లేదని, అది ఇక్కడే ఉందని లైబ్రరీలో చెప్పారని ఆమె అంది.

ఎక్కడో పెట్టానని, వెతకాలని, ఇంకో రోజు తెచ్చిస్తానని మాస్టారు చెబుతున్నారు. అధ్యక్షురాలు ఆయన్ని చూడ్డం లేదు. బల్ల వైపు చూస్తోంది. మూడో తొట్టి గొట్టంలోంచి చీమలు ఒంటివరసలో దిగి, తొట్టి కిందినుంచి పొడుచుకొచ్చిన కాగితం అంచు మీదుగా నడిచి, బల్ల కాలు దిగి, ఆమె నేల మీద పెట్టిన సంచి దాకా చేరుకున్నాయి. సంచిలో బిస్కెట్లు ఉన్నాయి.

ఆమె వంగి కాగితం అంచు పట్టుకుని లాగింది. పదహారు పేజీలూ తీపి తడితో ఒక్కటిగా వచ్చాయి. విదిలించి, మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి మాస్టారి వైపు చూసింది.

ఇంక దాచి లాభం లేదని మాస్టారు నిలబడి అంతా చెప్పేశారు. ఆ వేళ అన్నం ఎక్కువ తిన్నారు. ఎండగా ఉంది. కన్ను మూతపడింది. తప్పు చీమలది కాదు. పశ్చాత్తాపంతోనే ఆ పట్టిక వేశారు. లోకమంతా దాన్ని పట్టుకుని ఇలా ఎత్తిచూపుతుందని అనుకోలేదు.

"ఆ పట్టిక వేసింది మీరా?" అంది అధ్యక్షురాలు.

"నేనేనమ్మా."

"మీకోసం ఆరేళ్ళుగా వెతుకుతున్నాను మాస్టారూ. ఆ పత్రికవాళ్ళకి నాలుగు ఉత్తరాలు రాశాను. చిరునామా బయటికి ఇవ్వకూడదన్నారు. ఫైల్లో పేరు చూసి, అదే పేరున్న మరొకరనుకున్నాను."

ఆమె కూర్చుని చెప్పింది. మధ్యాహ్నం బళ్ళు తగ్గుతున్నాయని మనుషులు లెక్కపెట్టి చెబితే, నమ్మి, ఒక వంతెనకి రెండు వరసల రోడ్డు గీశారు. పునాది తవ్వబోయే ముందు ఎవరో ఆ అర పేజీ తెచ్చి చూపించారు. మళ్ళీ మనుషుల్ని మార్చి మార్చి లెక్కపెట్టించారు. బళ్ళు తగ్గలేదు. వంతెన నాలుగు వరసలతో కట్టారు. ఇప్పుడు బళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఎవరైనా మాస్టారి పట్టిక ప్రకారమే కూర్చుంటారు, లేస్తారు. పక్కనున్న సభ్యుడు చేపల శాఖవాడు. తమ పడవల్లో కూడా అదే పట్టిక ఉందని, పేరు చూసి ఎవరో పెద్ద గణిత శాస్త్రవేత్త అనుకున్నామని అన్నాడు.

"లెక్క తప్పినవాళ్ళు బోలెడు మంది" అంది అధ్యక్షురాలు. "ఎంత తప్పానో లెక్కపెట్టి రాసింది మాత్రం మీరొక్కరే."

మాస్టారు కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నారు. జాబితాను చాలాసేపు తిరగేశారు. ఈసారి ఆయన పొరపాటు అన్న మాటల దగ్గర ఆగలేదు, కింద ఉన్న తన పేరు దగ్గర ఆగారు.

కమిటీ అక్కడే బల్ల మీద, చీమల్ని తప్పించుకుంటూ, తీర్మానం రాసింది. గది మాస్టారిదే. పక్క గది ఇస్తామని శాఖాధిపతి ఇంతకుముందే అన్నారు కాబట్టి అదీ ఆయనదే. అది తన గది కదా అని శాఖాధిపతికి అప్పుడు గుర్తొచ్చింది. కానీ సంతకాలు అయిపోయాయి.

మాస్టారు ఆస్పత్రిలో ఉన్న భార్యకి ఫోన్ చేశారు. వెనక గది అక్కర్లేదని చెప్పారు. ఆమె గోడమీది పట్టిక కింద చిన్న అక్షరాలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఆమె కుర్చీ జరుపుకుని ఎక్కిన చప్పుడు వినిపించింది.

"ఏవండీ" అంది, "ఇది మీ పేరే."

"పనీపాటా లేనివాడి పేరు" అన్నారు మాస్టారు.

ఆమె కుర్చీ దిగింది. ఆ పట్టిక పెట్టినప్పటినుంచి తమ విభాగంలో ఒక్క డబ్బా కూడా తప్పుగా వెళ్ళలేదని, ఆ సంగతి పొద్దున చెప్పడం మర్చిపోయానని అంది. సాయంత్రం త్వరగా రమ్మంది. ఆ రాత్రి ఆయన పడక్కుర్చీలో కునుకు తీస్తే, ఆమె దీపం తగ్గించి వెళ్ళింది. పదకొండేళ్ళలో మొదటిసారి చీమల గురించి అడగలేదు.

మూడు వారాల తర్వాత లైబ్రేరియన్ ఒక కాగితం పంపింది. పైన సవరణ అని రాసి ఉంది. మాస్టారి సవరణకు వచ్చిన సైటేషన్లు నాలుగు వందల పన్నెండు కాదని, నాలుగు వందల అరవై మూడని, మొదటిసారి లెక్కపెట్టింది భోజనం తర్వాత అని ఒప్పుకుంది. మాస్టారు పెన్ను తీసి లెక్క వేసి చూసుకున్నారు. సరిగ్గా వందకి పదకొండు వదిలేసింది.

ఆ సవరణను ఆమె లైబ్రరీ పత్రికలో కూడా వేయించింది, కింద ఆయన పట్టికను పేర్కొంది, దాంతో అది నాలుగు వందల అరవై నాలుగయింది.